సభలో చెప్పిన పేరు

ఆయన పోయారన్న కబురు నాకు పూర్ణా మార్కెట్లో తెలిసింది. చెప్పింది ఉల్లిపాయల షావుకారు. తక్కెట్లో ఉల్లిపాయలు వేస్తూ, "ఎంపీ బాబు పోనారంట, తెలిసిందా పంతులమ్మ గారూ? నిన్న సాయంత్రమంట. ఇంక నన్ను క్వశ్చన్లడిగి సంపేసేవోళ్ళు లేరు" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కుళ్ళిన ఉల్లిపాయ ఒకటి ఏరి పక్కన పడేశాడు. నేను అక్కడే ఉన్న బస్తా మీద కూర్చున్నాను.

ఆయన ఎంపీగా ఉన్నది ఒక్కసారే. ఊళ్ళో ఆయన పేరుతో వీధి లేదు, విగ్రహమూ లేదు. పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఉన్నట్టు కూడా తోచదు. నేనూ ఆయన పేరు ఇక్కడ చెప్పను. పేర్ల విషయంలో ఆయనకున్న పట్టింపు తెలిసీ ఇలా చేయడం అపచారమే. కానీ నేను రాయాలనుకుంటున్నది ఆయన నోట వచ్చిన ఇంకొకరి పేరు గురించి.

షావుకారు అన్న క్వశ్చన్ల సంగతి ముందు చెప్పాలి. ఢిల్లీ సభలో ఏం మాట్లాడాలన్నా ఆయన ముందుగా ఈ కొట్టు ముందు నిలబడి మాట్లాడేవారు. అదీ పొద్దున్నే లారీలు ఖాళీ చేసే వేళ. కూలీలు బస్తాలు మోస్తూ పక్కకి తప్పుకోమని అరుస్తుంటారు, ఆటోలు హారన్లు కొడుతుంటాయి, ఒకడు ధర చెబుతాడు, ఇంకొకడు ఆ ధరకి వాడి తాతల్ని తలుచుకుంటాడు. ఆ గోల మధ్య ఈయన చేతులు కట్టుకుని "అధ్యక్షా" అని మొదలుపెట్టేవారు. షావుకారు బేరం ఆపకూడదు. బేరం చేస్తూనే వినాలి, అయ్యాక విన్నది తిరిగి చెప్పాలి. అతను ఎంత చెప్పగలిగితే ఢిల్లీకి అంతే వెళ్ళేది. మిగిలింది అక్కడే కొట్టేసేవారు.

ఇదేం పద్ధతండీ అని అడిగాను. అక్కడ సభలో దీనికంటే ఎక్కువ గోల ఉంటుందట. కాకపోతే ఇక్కడ బస్తాలైనా దిగుతాయి అన్నారు.

నేను హిందీ పంతులమ్మని, ఇప్పుడు రిటైరయ్యాను. మాది కోనసీమ. మా వారికి పోర్టులో ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరాం. ఈ ఊరి ఉక్కకీ యాసకీ అలవాటుపడి ఇక్కడే ఉండిపోయాం. ఎంపీ గారిదీ మా వీధే. గెలిచిన కొత్తలో ఒకరోజు మా గుమ్మంలో నిలబడి హిందీ నేర్పమన్నారు. సంతోషించాను. ఎంత త్వరగా మాట్లాడాలనుకుంటున్నారు అని అడిగాను.

"మాటాడ్డానికి కాదండి పంతులమ్మ గారూ. నాను మాటాడితే తెలుగులోనే మాటాడతాను. ముందుగా సెప్పుకుంటే అనువాదానికి ఆళ్ళే మనిషిని పెడతారు. ఆళ్ళు నన్నేటంతన్నారో, అది తెలవాలి నాకు."

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. మనిషి ఏ పని ఎందుకు చేస్తున్నాడో అంతుపట్టకపోతే అన్నం సహించదు. తిట్లు అర్థం చేసుకోవడానికి ఒక భాష నేర్చుకునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. సరే, ఆయన కోరిన పాఠమే చెప్పాను. నేను అవతలి పార్టీ మెంబరునై ఆయన్ని హిందీలో తిట్టాలి, ఆయన దాని అర్థం తెలుగులో చెప్పాలి. ఒకసారి మా వారు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వేలు చూపించి, కూర్చోవయ్యా, సిగ్గులేదా నీకు, అని హిందీలో అరుస్తున్నాను. కుర్చీలో ఊరి ఎంపీ గారు బుద్ధిగా తలూపుతున్నారు. మా వారు చెప్పులు విప్పకుండా మళ్ళీ కిందికి దిగిపోయారు.

నేర్చుకున్న తిట్లతో ఏం చేసేవారంటే, ఏమీ చేసేవారు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన వాము పొట్లం ఉండేది. సభలో ఎవరైనా గట్టిగా తిడితే, బయటికి వచ్చాక వాళ్ళ దగ్గరికి వెళ్ళి, గొంతు నెప్పెడతాదని ఇంత వాము చేతిలో పోసేవారట. తిట్టు అర్థమైందని వాళ్ళకి అప్పుడు తెలిసేది. కొన్నాళ్ళకి అన్ని పార్టీల వాళ్ళూ వాము అడిగి మరీ తినేవారని చెప్పారు. ఈ ముక్క నేను పూర్తిగా నమ్మలేదు గానీ, ఢిల్లీ వెళ్ళేటప్పుడు వాళ్ళింట్లో వాము వేయించిన వాసన మాత్రం వీధి చివరి దాకా వచ్చేది.

ఆయన ప్రసంగాలకి ఒక నియమం ఉంది. ప్రతి ప్రసంగంలోనూ ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి పేరు, ఊరు ఉండాలి. ఒక్కరే ఉండాలి. గుంపు పేర్లు చదివితే ఎవరి చెవికీ ఎక్కవు అనేవారు. రోడ్ల మీద చర్చ జరిగినప్పుడు అందరూ వేల కిలోమీటర్ల గురించి మాట్లాడుతుంటే, ఈయన లేచి సబ్బవరం దగ్గర వంకాయలు పండించే సన్యాసమ్మ గురించి చెప్పారు. కొత్త రోడ్డు ఆమె పొలానికీ బస్సుకీ మధ్య పడింది. గంప నెత్తిన పెట్టుకుని ఆమె అంత పెద్ద రోడ్డు దాటడం ఎలాగో మంత్రి గారు చెప్పాలి అన్నారు. సభ నవ్వింది. మర్నాటి నుంచి క్యాంటీన్లో కనబడ్డవాళ్ళంతా, వంకాయలామె రోడ్డు దాటిందా అని అడగడం మొదలుపెట్టారట. తర్వాత అక్కడ రోడ్డు కింద నుంచి దారి వచ్చింది. మీరు అడిగినందుకే వచ్చిందా, ప్లానులో ముందే రాసి ఉందా అని అడిగాను. ఆయనకీ తెలియదట. దారి సన్యాసమ్మకి కావాలి గానీ పేరు నాకెందుకు అన్నారు.

నూకాలు వచ్చింది ఆ రోజుల్లోనే.

హార్బరు దగ్గరి జాలారి పేట పిల్ల. చంకలో ఇంకా మాటలు రాని ఆడపిల్ల. ఆయన ఆ సాయంత్రం విమానానికి వెళ్ళాలి. పాఠం మధ్యలో ఉన్నాం, కింద కారు హారన్ కొడుతోంది. ఆయన ఇంట్లో లేరంటే వెతుక్కుంటూ మా మేడెక్కింది.

ఆమె చెప్పింది ఇదీ. మన వైపు జాలర్లు పని దొరక్క పడమటి తీరానికి వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. అలా వెళ్ళిన కొందరు చేపల వెంట పోయి సముద్రంలో గీత దాటారు. పొరుగు దేశం వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారు. వాళ్ళ పేర్లన్నీ అప్పటికే ఢిల్లీకి చేరాయి. నూకాలు భర్త పేరు మాత్రం ఎక్కడా లేదు. బోటెక్కాల్సింది అతని తమ్ముడు. తమ్ముడికి కామెర్లు వస్తే, అతని కార్డు పట్టుకుని అన్న ఎక్కేశాడు. కాగితాల ప్రకారం జైల్లో ఉన్నది తమ్ముడు. ఆ తమ్ముడు ఇక్కడ ఇంట్లో పథ్యం తింటున్నాడు. జైల్లో ఉన్న మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. ఏ ఆఫీసుకి వెళ్ళినా, మీ మరిది ఇంట్లోనే ఉన్నాడు కదా, మరెవరికోసం ఏడుస్తున్నావు అని పంపేస్తున్నారు.

"లేని మనిసిని ఆళ్ళెలా ఒగ్గేత్తారు బాబూ? మీరు ఆ సబలో ఓపాలి మా ఇంటాయన పేరు సెప్పండి. సెప్తే ఉన్నట్టే గదా" అంది.

వదిలిపెట్టడాన్ని ఇక్కడ ఒగ్గేయడం అంటారు. ఆ మాట అంటూ ఆమె చేతిలో పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, పేరేటమ్మా అని అడిగారు. నూకాలు తల దించుకుంది. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు ఆ ఇళ్ళల్లో ఇంకా చాలామంది ఆడవాళ్ళకి లేదు. "కొండ మీద సామి పేరేనండి" అంది. మా గోదావరి వైపైతే నేను సత్యనారాయణ అనుకునేదాన్ని. ఆయనకి ఆలోచించాల్సిన అవసరమే కలగలేదు. ఇక్కడ కొండ మీద సామి అంటే సింహాద్రి అప్పన్నే. ఆ అప్పన్నని జాలారి పేటలో అప్పలరాజని పెట్టుకుంటారు, ఇంటికొకడుంటాడు. అర్థమైందమ్మా, ఎల్లిరా, నాను సెప్తాను అని మెట్లు దిగిపోయారు. ఆయనకి అర్థమైందనుకుని ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. బయటి ఊరివాడైతే ఇంకోసారి అడిగేవాడు. ఆయన ఈ మట్టిలో పుట్టినవాడు కాబట్టి అడగలేదు.

అవకాశం వచ్చింది. జీరో అవర్లో లేచి, తెలుగులో, మా విశాఖ బిడ్డ అప్పలరాజు పరాయి జైల్లో ఉన్నాడు, ఉన్నాడని మీరు ఒప్పుకోవాలి, తీసుకురావాలి అని చక్కగా మాట్లాడారు. నేను టీవీలో చూశాను. ఒక్క మాట అటూ ఇటూ పోలేదు. ఉల్లిపాయల కొట్టు దగ్గర గట్టిపడిన ప్రసంగమని తెలిసిపోయింది.

మర్నాడు నూకాలు మళ్ళీ మేడెక్కింది. ఈసారి ఏడవడం లేదు. ముఖం కట్టెలా ఉంది.

"బాబుగోరు మా ఇంటాయన పేరు సెప్పలేదమ్మా. ఇంకోలది సెప్పీసినారు."

అప్పలరాజు అనే మనిషి నిజంగానే ఉన్నాడు. పక్క వీధివాడే, అదే జైల్లో ఉన్నాడు. అతని పేరు కాగితాల్లో సరిగ్గానే ఉంది. ముందురోజు సాయంత్రం వాళ్ళింట్లో లడ్డూలు పంచారట. నూకాలుకి కూడా ఒకటి పెట్టారట. మరి మీ ఆయన పేరేమిటే తల్లీ అని అడిగాను. ఆమె గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, సింహాచలం దేవస్థానం అన్న అక్షరాల మీద వేలు పెట్టింది. చదువు అంతంతమాత్రమే గానీ, ఆ నాలుగక్షరాలు మాత్రం ఆమెకి కొట్టినపిండి. కొండ మీద స్వామి పేరంటే స్వామి పేరూ కావచ్చు, ఆ కొండ పేరూ కావచ్చు. ఈ జిల్లాలో సగం మందికి ఆ రెండిటిలో ఏదో ఒకటి ఉంటుంది.

వెంటనే ఢిల్లీకి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. "నానెంత ఎదవనండి" అన్నారు.

ఆయనతో ఉన్నవాళ్ళు దిద్దుబాటు ఉత్తరం పెట్టమన్నారట, పొరపాటున ఆ పేరు పడింది, దాని బదులు ఈ పేరు చదువుకోగలరు అని. అది మామూలే, ఎవరూ తప్పు పట్టరు. ఈయన ఒప్పుకోలేదు. ఆ సంగతి ఊరికి వచ్చాక మా ఇంట్లో కూర్చుని చెప్పారు.

"కొట్టేసి రాయడానికి ఇదేటి కాపీ పుస్తకమేటండి? కొట్టేస్తే అప్పలరాజు పోతాడు. ఆడూ మనోడే గదా. ఆలింట్లో లడ్డూలు పంచుకున్నారు. నాను ఇంకోపాలి లేవాలి. అంతే."

ఇంకోసారి లేవడం అంత సులువు కాదని నాకు అప్పుడే తెలిసింది. మాట్లాడే అవకాశం కోసం రోజూ చీటీ రాసి ఇచ్చేవారు. తీసిన చీటీల్లో ఆయన పేరు తగలాలి. తగలలేదు. తగిలిన రోజున సభ గోలతో ఆగిపోయింది. నూకాలు రెండు రోజులకోసారి వచ్చి మా టీవీ ముందు నేల మీద కూర్చునేది. సభ వాయిదా పడగానే పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని. దేశం మొత్తం మీద పార్లమెంటు వాయిదా పడితే అంత బాధపడిన ఆడది ఆ రోజుల్లో ఇంకొకతె ఉండదు.

ఆఖరికి ఓడల గురించిన ఏదో బిల్లు మీద మాట్లాడే వంతు ఆయనకి వచ్చింది. పార్టీ ఇచ్చిన టైము కొంచెమే. ఆ రోజు నూకాలు మా ఇంట్లోనే ఉంది. ఆయన లేచి మొదటి మాటే అప్పలరాజు అన్నారు. ఆ అప్పలరాజు పక్కనే ఇంకొకడున్నాడు, ఆడు కార్డు మార్చుకుని ఎక్కాడు, అది తప్పే, తప్పు చేసినోడు కూడా బతికే ఉన్నాడు అన్నారు. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన బిల్లు మీద మాట్లాడమన్నారు.

"నాను బిల్లు మీదే మాటాడతన్నానండి. ఓడలు సముద్రం మీద ఎల్తాయి. ఓడల్లో మనుసులుంటారు. ఆ మనిసి..."

అటువైపు నుంచి కేకలు మొదలయ్యాయి. ఏమంటున్నారో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఆ పాఠం మేం చదువుకున్నదే. గంట మోగింది. ఆ గోలలో ఆయన చెదరకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నోరు కదులుతోంది. మైకు ఆగిపోయింది. ఏమీ వినబడలేదు. నూకాలు మోకాళ్ళ మీద లేచి టీవీకి అంగుళం దూరంలోకి వెళ్ళింది.

"సెప్పినారా అమ్మా? సెప్పినారా?"

నేను టీవీ సౌండు ఇంకా పెంచాను.

అప్పుడు ఆయన పక్క సీటులో ఉన్న మనిషి లేచాడు. పెద్ద తలపాగా, ఎక్కడో ఎడారి వైపు రాష్ట్రం, వేరే పార్టీ. నెక్స్ట్ మాట్లాడే వంతు ఆయనది, ఆయన మైకు పనిచేస్తోంది. ఒక మెంబరు ఎత్తిన విషయంతో ఇంకొకరు తామూ గొంతు కలుపుతున్నామని చెప్పే ఆనవాయితీ ఆ సభలో ఉందట. ఆ తలపాగా ఆయన మా ఎంపీ గారి వైపు వంగి, ఏదో అడిగి, తలూపి, మైకులో గట్టిగా అన్నాడు. నా మిత్రుడు చెబుతున్న మనిషి పేరు సింగాచలమ్, విశాఖపట్నమ్, నేను కూడా ఆయనతో కలిసి అడుగుతున్నాను, అని. అంతా హిందీలోనే. వాము తిన్న విశ్వాసం అనుకున్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నూకాలుకి హిందీ రాదు, పేరు మాత్రం అర్థమైంది. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఢిల్లీ నుంచి తమ్ముణ్ణి, నూకాలుని ఇద్దరినీ విచారించడానికి మనుషులు వచ్చారు. చాలా నెలలు పట్టింది. ఈలోగా ఎన్నికలొచ్చాయి, ఆయన ఓడిపోయారు. మీ మాటతోనే కదిలిందంటారా అని అప్పుడూ అడిగాను, నా జబ్బు నాది. "నాకేటి తెలుస్తాదండి. తలుపు కొట్టినోడికి లోపలేటి జరిగిందో తెలవదు" అన్నారు.

జాలర్లు రైల్లో విశాఖ వచ్చిన రోజు ప్లాట్‌ఫారం నిండా జనం. కొత్తగా గెలిచినవాళ్ళు దండలతో ముందు నిలబడ్డారు, ఫొటోలు తీస్తున్నారు. మా పాత ఎంపీ గారు వెనకాల, నీళ్ళ కుళాయి దగ్గర, నాతో పాటు నిలబడ్డారు. ఎవరూ పలకరించలేదు. ఆయనకి ఆ సంగతి పట్టలేదు. దిగిన ప్రతి మనిషి ముఖమూ చూస్తున్నారు. చూసి గుర్తుపట్టడానికి ఆయన అంతకుముందు ఆ మనిషిని చూసింది లేదు.

జనం పలచబడ్డాక నూకాలు తన మనిషిని మా దగ్గరికి తీసుకొచ్చింది. బక్కగా, గడ్డం పెరిగి, చేతిలో ప్లాస్టిక్ సంచితో ఉన్నాడు. పిల్ల అతన్ని చూసి తల్లి భుజంలో ముఖం దాచుకుంది. దండం పెట్టబోతుంటే ఈయన ఆ చేతులు పట్టుకుని ఆపారు.

"పేరేటి బాబూ నీది?" అని అడిగారు.

నూకాలు ఆశ్చర్యంగా చూసింది. అన్నీ తెలిసిన మనిషి ఇదేం అడగడం అని నాకూ అనిపించింది. ఆ అబ్బాయి ఉన్నట్టుండి సంచి కింద పెట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చి, చేతులు రెండు పక్కలా దించి, ఎటో చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. అక్కడ జైల్లో రోజూ తలలు లెక్కపెట్టేటప్పుడు తమ్ముడి పేరుతో పలికిన పద్ధతిలోనే, ఈసారి తన పేరు గట్టిగా చెప్పాడు.

"సింహాచలం. హాజిర్."

చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కింద ఉన్న సంచి తీసి అతని చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పారు.

"హాజరు అక్కర్లేదు బాబూ. ఇంటికొచ్చీసినావు."